మోయాల్సిన బరువు, దించాల్సిన బరువు

చావు జరిగిన ఇంట్లోనైనా, పంట పోయిన ఇంట్లోనైనా వినపడే మాటలు దాదాపు ఒకటే. "ఊకో బిడ్డా, దేవుని చిత్తం." "విశ్వాసులం, మనం ఏడ్వొద్దు." "ఇదీ నీ మంచికే అనుకో." చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఏదో ఒక మాట అనకుండా అక్కడ కూర్చోవడం కష్టం కాబట్టి అంటారు. వినేవాళ్ళకు మాత్రం అప్పటిదాకా ఉన్నది ఒక్క బాధే. ఆ మాటలతో, బాధపడుతున్నందుకు సిగ్గు కూడా తోడవుతుంది.

2021-22లో మహబూబాబాద్, ఖమ్మం వైపు మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందా? పూతలోకి దూరి రసం పీల్చేసే పురుగు. పూత రాలిపోయింది, కొట్టిన మందుకు లొంగలేదు. చేలకు చేలు పీకేసినవాళ్ళున్నారు, దున్నేసినవాళ్ళున్నారు. అలాంటి ఏడాదిలో, మందుల షాపులో ఖాతా పెరుగుతుండగా, ఒక రైతు ఆదివారం ఆరాధనకు వచ్చి కూర్చున్నాడనుకోండి. ఆరోజు పాఠం యాకోబు పత్రిక మొదటి అధ్యాయం. శోధనలు వస్తే సంతోషించమనే భాగం. అతనికి అది ఎలా వినపడుతుంది?

వెక్కిరింతలా వినపడితే తప్పు అతనిది కాదు. ఆ పత్రికను మనం సగం చదివి వదిలేస్తున్నాం. యాకోబు శోధన గురించి, ఓర్పు గురించి చెప్పిన వెంటనే జ్ఞానం మాట ఎత్తుతాడు. అది లేనివాడు దేవుణ్ణి అడగాలంటాడు. కష్టంలో ఉన్నవాడికి డబ్బు కావాలి, మందు కావాలి, మనిషి కావాలి, ఇప్పుడు జ్ఞానం ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది: తన మీద పడిన దాంట్లో ఏది మోయాలో, ఏది దించాలో తేల్చుకోవడానికి. అదే పత్రిక అయిదో అధ్యాయంలో, కోత కోసిన కూలీలకు కూలి ఎగ్గొట్టిన ఆసాముల మీద యాకోబు నిప్పులు కురిపిస్తాడు. ఆ కూలీలతో "మీరు దీన్ని కూడా ఆనందంగా భరించండి" అనడు. వాళ్ళ మొర దేవుడి చెవిన పడిందంటాడు.

పౌలు సంగతీ ఇంతే. ఫిలిప్పీ చెరసాలలో, కాళ్ళకు బొండ వేసి ఉండగా, అర్ధరాత్రి ఆయనా సీలా పాటలు పాడారని ప్రసంగాల్లో వందసార్లు విన్నాం. తెల్లారాక ఏం జరిగిందో ఎంతమంది చెప్తారు? అధికారులు చడీచప్పుడు కాకుండా వదిలేస్తాం, వెళ్ళిపొమ్మంటే పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమా పౌరుల్ని అందరిముందు కొట్టించారు కదా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకోవాల్సి వచ్చింది. రాత్రి పాడిన నోరే పొద్దున హక్కు అడిగింది. ఆ రెండూ చేయగలిగినవాడు కాబట్టే, తర్వాత ఇంకో చెరలో కూర్చుని అదే ఊరి సంఘానికి రాసిన ఉత్తరంలో ఆనందం గురించి అన్నిసార్లు చెప్తే మనకు నమ్మాలనిపిస్తుంది.

డోర్నకల్‌లో ఒక తమిళాయన

ఈ తేడా తెలిసి పనిచేసిన మనిషి మన దగ్గరే ఉండేవాడు. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ అనగానే చాలామందికి రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. క్రైస్తవ ప్రపంచానికి మాత్రం వేదనాయగం శామ్యూల్ అజరయ్య గుర్తొస్తాడు. 1874లో తిరునెల్వేలి వైపు వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పల్లె పాస్టరు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకోవడంలో అజరయ్యది పెద్ద చెయ్యి. విదేశీ సొమ్ము మీద ఆధారపడకూడదన్నది వాళ్ళ పట్టుదల. ఆ సొసైటీ పనికోసమే 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చాడు. భాష కొత్త, వాతావరణం కొత్త, ఉండటానికి ఇల్లు లేదు. మొదట్లో గుడారాలే ఇల్లు. ఊళ్ళు తిరగడానికి ఎడ్లబండి, సైకిలు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. నల్లవాడి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారని గొణిగినవాళ్ళున్నారు, మనవాళ్ళలోనూ ఓర్వలేనివాళ్ళున్నారు. మొదట ఆయనకిచ్చింది చిన్న డయోసిస్. కృష్ణా వైపు ప్రాంతాలు కలిసి అది పెద్దదయ్యేసరికి 1920 వచ్చింది.

ఆయన దగ్గరికి వచ్చిన జనం ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. భూమి లేదు. దొర పిలిస్తే వెట్టికి పోవాలి. కలరా వస్తే వాడకు వాడే తుడిచిపెట్టుకుపోయేది. కష్టంలో ఆనందించడం గురించి ప్రసంగం చేయాలంటే ఇంతకంటే తగిన శ్రోతలు దొరకరు. మరి అజరయ్య ఏం చేశాడు? మురికి, జబ్బు, అప్పు, తాగుడు, ఈ నాలుగింటినీ శత్రువులన్నాడు. వీటితో పోరాడమన్నాడు. "ఇవన్నీ దేవుడు పెట్టిన పరీక్షలు, ఓర్చుకోండి" అనలేదు. బాప్తిస్మం తీసుకున్న మనిషి ఇంటి ముందు ఊడ్చుకోవాలి, పిల్లల్ని బడికి పంపాలి, కల్లు మానాలి, షావుకారు పద్దు నుంచి బయటపడాలి. సువార్తకూ వీటికీ మధ్య ఆయన గోడ కట్టలేదు. ఇదంతా మరీ సంఘసంస్కర్త పనిలా ఉందని ఎవరైనా అనొచ్చు. నాకైతే ఇది చాలా ఆధ్యాత్మికంగానే కనపడుతుంది.

ఇప్పుడు మీ వంతు. ఒక కాగితం తీసుకోండి, సెల్‌ఫోన్ కాదు, కాగితమే. మధ్యలో గీత గీయండి. ఎడమవైపు దించుకోదగ్గ బరువులు, కుడివైపు మోయక తప్పనివి. చనిపోయిన మనిషి, తిరిగి రాని కాలు, పుట్టుకతో వచ్చిన జబ్బు, ఎంత బతిమాలినా మాట్లాడని కొడుకు, ఇవి కుడివైపు. ఎడమవైపు రాసేటప్పుడే మనవాళ్ళు తడబడతారు. అక్కడ రాయాల్సినవాటిని కూడా కుడివైపు రాసి, పైన "దేవుని చిత్తం" అని ముద్ర వేసేస్తారు.

అప్పునే తీసుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నోటికి చిన్నగా ఉంటుంది. లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. మూడేళ్ళు తిరిగేసరికి వడ్డీయే అసలును దాటుతుంది. అదే బ్యాంకులో పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతానికి వస్తుంది, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. పాసుపుస్తకం ఉండి కూడా, మేనేజర్ ముందు నిలబడటానికి మొహమాటపడి బయట వడ్డీకి తెచ్చేవాళ్ళను ఏమనాలి? ఉపవాస ప్రార్థనలో అప్పులు తీర్చమని అడగడం మంచిదే. సోమవారం పొద్దున బ్యాంకుకు వెళ్ళడం ఆ ప్రార్థనలో మిగిలిన సగం.

జనగామ వైపు ఇంకో తీరు చూస్తాం. అది వానకు మొహం వాచిన నేల. మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది వేయించడానికి మళ్ళీ అప్పు చేసి, "ఈసారి దేవుడు తప్పక నీళ్ళిస్తాడు" అంటారు. ఇది విశ్వాసమని నేను ఒప్పుకోను. ఇది జూదం, దేవుణ్ణి జామీను పెట్టి ఆడే జూదం. మూడు బోర్లు చెప్పిన మాట వినడం కూడా దేవుని మాట వినడంలో భాగమే కావచ్చు.

జబ్బు విషయం ఒక్క ముక్కలో చెప్తాను. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. పౌలు ఆయన్ని మందుల సంచి పారేసి రమ్మనలేదు. షుగర్ మాత్ర మానేసి స్వస్థత కూటానికి వెళ్ళమని ఎవరైనా అంటే, ఎంత పెద్ద సేవకుడైనా సరే, ఆ మాట వినకండి. మనసుకొచ్చే జబ్బుకూ ఇదే వర్తిస్తుంది. నిద్ర పట్టక, బతుకు మీద ఆశ పోయి, చావు ఆలోచనలు వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. పాస్టరయ్యగారితో ప్రార్థన చేయించుకోండి, ఫోనూ చేయండి.

శోకం పెట్టనివ్వండి

ఇక కుడివైపు గడి. ఇవి దిగవు. ఇక్కడే ఆనందం అనే మాట నిజమో అబద్ధమో తేలాలి.

మన పల్లెల్లో ఆడవాళ్ళు శవం పక్కన రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం తినేవాడో, పెళ్ళినాడు ఏ అంగీ తొడుక్కున్నాడో, పొద్దున బాయికి పోతూ ఆఖరున ఏం చెప్పి వెళ్ళాడో, అన్నీ ఆ ఏడుపులో వరసగా వస్తాయి. భూపాలపల్లిలో బాయి అంటే బొగ్గు గని అని వేరే చెప్పక్కర్లేదు. విన్నవాళ్ళు తమ ఇళ్ళలో పోయినవాళ్ళను కూడా తలుచుకుని ఏడుస్తారు. కొన్ని సంఘాల్లో దీన్ని అన్యాచారమని ఆపేశారు. పెట్టెచుట్టూ పాటలు మాత్రమే ఉండాలి, మైకు పెట్టాలి, ఎవరైనా గొంతెత్తితే పెద్దమ్మ ఒకామె వచ్చి నోరు మూయించాలి. నాకిది ఏమాత్రం నచ్చదు. థెస్సలొనీక సంఘానికి పౌలు రాసింది నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖించవద్దనే. అసలు దుఃఖించనే వద్దని కాదు. లాజరును లేపబోతున్నానని తెలిసిన యేసే అతని సమాధి దగ్గర ఏడ్చాడు. బైబిల్లోని నూట యాభై కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలూ విలాపాలే. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకట్లోనే ఉంటుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా ముగుస్తుంది. దాన్ని తీసిపారేయకుండా ఆరాధన పుస్తకంలో ఉంచిన మన పూర్వీకులకు మనకంటే ధైర్యం ఎక్కువ.

కాబట్టి కుడి గడిలో రాసిన ఒక్కోదానికీ ఒక మొర కూడా రాయండి. "ప్రభువా, మా కష్టాలు తీర్చు" అనే గంపగుత్త ప్రార్థన వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఆయన పోయాక చేను పక్కవాడు గట్టు జరిపాడు, అడగడానికి మగదిక్కు లేదు, రాత్రిళ్ళు తలుపు చప్పుడైతే భయమేస్తుంది, నువ్వు చూస్తున్నావా లేదా? దేవుడితో ఇలా మాట్లాడొచ్చా అని జంకకండి. యోబు ఇంతకంటే గట్టిగా మాట్లాడాడు. చివరికి దేవుడు యోబునే మెచ్చుకున్నాడు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని నీతులు చెప్పిన స్నేహితుల్ని కోప్పడ్డాడు. పాపం ఆ ఎలీఫజు, బిల్దదు, జోఫరు కూడా మొదట మంచి పనే చేశారు: ఏడు రాత్రింబవళ్ళు నోరు విప్పకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. ఎనిమిదో రోజు నుంచే అసలు గొడవ.

ఇలా పేరుపెట్టి చెప్పుకున్నాక ఏమవుతుంది? బరువు తగ్గదు. దాన్ని దాచిపెట్టే శ్రమ తగ్గుతుంది. మనుషుల ముందు నవ్వు మొహం పెట్టుకుని తిరగడానికి పోతున్న ఓపిక మిగులుతుంది. ఆనందానికి కాస్త చోటు దొరికేది అక్కడే. ఒకరోజు మనవడి చేష్టకు నిజంగానే నవ్వు వస్తుంది, నవ్వినందుకు తప్పు చేసినట్టు అనిపించదు.

గురిగిలో బియ్యం

తెలుగు పల్లె సంఘాల్లో పాత అలవాటు ఒకటుంది, ఇప్పుడు కొంచెం తగ్గింది. పొయ్యిమీద ఎసరు పెట్టాక, కొలిచి తీసిన బియ్యాన్ని కడిగేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన గురిగిలో వేస్తుంది. పూట పూటకీ ఒక్క పిడికెడు. ఆదివారం ఆ బియ్యం కొంగులో మూటగట్టుకుని గుడికి తెస్తుంది. ఇంట్లో ఆరుగురుంటే ఆ పూట ఆరుగురికీ ఒక్కో ముద్ద తగ్గుతుంది, ఎక్కువగా ఆమె ముద్దే తగ్గుతుంది. దీన్ని గొప్పగా చెప్పి ఆడవాళ్ళ ఆకలిని పుణ్యం చేయడం నా ఉద్దేశం కాదు. నేను చూడమంటున్నది వేరే. నాలుగు తరాలుగా దొర గడపముందు చెయ్యి చాపిన ఇంటి మనిషి, మొదటిసారి చెయ్యి బోర్లించి ఇచ్చింది. తీసుకునేదానిగానే ఉండిపోవాలన్న రాత ఆ పిడికెడుతో చెరిగింది. అజరయ్య పేద సంఘాలకు ఇవ్వడం నేర్పాలని అంత పట్టుబట్టడానికి, క్రైస్తవుల ఇవ్వడం గురించి ఏకంగా ఒక పుస్తకమే రాయడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. కొరింథీయులకు రెండో పత్రికలో పౌలు మాసిదోనియ సంఘాల గురించి చెప్పేదీ ఇదే సంగతి: నిరుపేదతనం, ఆనందం, ధారాళంగా ఇచ్చే చెయ్యి, మూడూ ఒకేచోట కనిపించాయంటాడు.

కష్టకాలంలో ఇవ్వమంటే కానుకల కవర్లు గుర్తొచ్చి కొందరు ఉలిక్కిపడతారు. "పదివేలు విత్తనంగా వేయండి, లక్ష కోస్తారు" అనేవాళ్ళు మన జిల్లాల్లోనూ తిరుగుతున్నారు. ఆ మాట చెప్పి పుస్తెలతాడు తాకట్టు పెట్టించేది సేవ కాదు, వ్యాపారం. గురిగిలో వేసిన పిడికెడుకు ఎవరూ లాభం లెక్కగట్టలేదు. డబ్బు లేనివాళ్ళు చదువురాని పొరుగింటి పెద్దమ్మకు పింఛను కాగితం నింపిపెట్టినా చాలు. చూడాల్సింది ఒకటే: మీ కష్టం మధ్యలో, ఈ వారం, మీ చెయ్యి ఒక్కసారైనా బోర్లాపడిందా?

ఇంత రాసి, కష్టంలోంచి వచ్చే ఎదుగుదల గురించి చెప్పకుండా వదిలేయలేను. దానిమీద మనకున్న ఆశ కొంచెం తొందరపాటుది. కష్టపడ్డాం కాబట్టి ఫలితం కళ్ళముందు కనపడాలి, సాక్ష్యం చెప్పుకోవడానికి ఒక ముగింపు ఉండాలి అనుకుంటాం. అజరయ్య జీవితంలో రెండు రకాలూ ఉన్నాయి. డోర్నకల్‌లో గుమ్మటాలు, మినార్లు, మండపం లాంటి స్తంభాలు కలిపి మసీదు, కోవెల, చర్చి ఛాయలన్నీ ఉన్న ఎపిఫనీ కథీడ్రల్ కట్టాలనుకున్నాడు. డబ్బు కూడక ఏళ్ళ తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాన్ని కళ్ళారా చూశాడు. దక్షిణ భారతంలో వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన పని మాత్రం పాతికేళ్ళు చర్చల్లోనే నలిగింది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లో కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అనేది, 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. ఆ చర్చలకోసం చేసిన ప్రయాణాలు, పడ్డ మాటలు వృథా అనుకోవాలా? ఆయన చనిపోయిననాడు ఎవరైనా లెక్కవేస్తే అలాగే తేలేది. అందుకే ఎదుగుదలను ఫలితంతో కొలవకండి. వేరే చిన్న కొలతలున్నాయి. ఏడాది కిందట మీకు ఎదుటివాళ్ళ ఏడుపు వినే ఓపిక ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది? పాత అవమానం ఎన్నిరోజులకోసారి నెమరుకొస్తోంది? సాయం అడగడానికి ఇంకా సిగ్గుపడుతున్నారా?

ఆఖరి ప్రశ్న దగ్గర ఇంకాస్త ఆగాలి. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అప్పటికి ఇంకా బిషప్పు కాని అజరయ్య అక్కడ నిలబడి తెల్ల మిషనరీలతో ఒక మాట అన్నాడు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, అదంతా సరే, మాకు స్నేహితులు కావాలి అన్నాడు. సభ ఇబ్బందిగా కదిలింది. వందేళ్ళు దాటినా ఆ కోరిక మన సంఘాల్లోనే ఇంకా తీరలేదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చాయి. మరుసటి ఏడాది వానలకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. అలాంటి వారంలో బియ్యం బస్తాలకు, దుప్పట్లకు కొదువుండదు. మూడో వారానికి అందరూ వెళ్ళిపోతారు. ఇంటినిండా ఒండ్రు ఉంటుంది, తడిసిన పాసుపుస్తకం ఎండబెట్టి ఉంటుంది, ఏ ఆఫీసుకు పోవాలో తెలియదు.

స్నేహితుడి పని అప్పుడు మొదలవుతుంది. చావు జరిగిన ఇంటికి వెళ్తే 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించారా అని అడగండి. రైతు అయితే, పేరుమీద పట్టా ఉండి, వయసు 18 నుంచి 59 మధ్య ఉంటే, ఏ కారణంతో పోయినా రైతు బీమా అయిదు లక్షలు నామినీకి వస్తాయి. వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గరికి ఆ ఇల్లాలిని వెంటబెట్టుకుని వెళ్ళండి. సింగరేణి గని కార్మికుడి ఇల్లయితే కారుణ్య నియామకం దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోండి. వాక్యం చెప్పాల్సిన అవసరం వస్తే ఆమే అడుగుతుంది.

ఇందాకటి కాగితం మళ్ళీ తీయండి. వెనకవైపు, మీకు కష్టమొస్తే అర్ధరాత్రి తలుపు కొట్టగలిగిన ఇళ్ళ పేర్లు రాయండి. బంధువులైనా సరే, వేరే కులంవాళ్ళయినా, వేరే మతంవాళ్ళయినా సరే. అవి రెండుకు తక్కువుంటే తర్వాతి అధ్యాయానికి తొందరేం లేదు. పుస్తకం మూసి, ఈ సాయంత్రం ఎవరింటికైనా వెళ్ళి కాసేపు కూర్చుని రండి.